తాగని మనిషి సాక్ష్యం

కుప్పంలో మా తమ్ముడి ఇంట్లో అడుగు పెట్టగానే నా కంటపడింది వాడు కాదు, వాడి ముందున్న కంచం. మెత్తగా ఉడికించిన అన్నం, దాని మీద నీళ్ళలాంటి మజ్జిగ. ఉప్పు లేదు, పప్పు లేదు, తిరగమాత లేదు. పక్కన స్టీలు గ్లాసులో మేకపాలలో కలిపిన ఆకు పసరు. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మదనపల్లెలో మా నాయన మంచం చుట్టూ తిరిగిన వాసన అది. అదే కంచం, అదే మజ్జిగ, అదే గ్లాసు. మధ్యలో ఒక జీవితకాలం గడిచిపోయింది. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చాయి, ఊరూరా స్కానింగు సెంటర్లు వచ్చాయి. మా ఇంటి కంచం మాత్రం మారలేదు.

మా తమ్ముడు సుందరం రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరై కుప్పంలోనే ఇల్లు కట్టుకున్నాడు. నేను పుంగనూరులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి, అక్కడే ఉండిపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా "కొంచెం నీరసం అక్కా, అంతే" అంటూ వచ్చాడు. నాకు అనుమానం వచ్చి, చెప్పకుండా బస్సెక్కాను. వచ్చి చూస్తే చేతులు ఎండుపుల్లల్లా ఉన్నాయి, పొట్ట మీద చొక్కా బొత్తాలు పట్టడం లేదు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. కామెర్లు, మా వైపు పసిరికలంటారు.

"ఇదేంది కరుణా?" అని మరదల్ని అడిగాను.

"పథ్యం వదినా. గంగవరం అవతల పసిరికలకు పసరు పోసే ఆయప్ప ఉండాడు. పసరు పోసినన్నాళ్ళు పప్పు, గుడ్డు, కూర, నూనె ఏదీ ముట్టగూడదన్యాడు."

"డాక్టరుకు చూపించలేదా?"

"డాక్టరు కాడికి పోతే ఏమంటాడు వదినా? తాగి చెడగొట్టుకున్యాడంటాడు. ఆ మాట ఊళ్ళో పడితే మేం తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

సుందరం మంచం మీద నుంచే నవ్వాడు. "అక్కా, వచ్చీ రాంగానే పరీక్ష పెట్టాకు. చెప్పులన్నా విప్పు ముందు."

చెప్పులు విప్పాను. ఆ గ్లాసు తీసుకెళ్ళి తూములో పారబోశాను. 

నాకు తేదీలు బాగా గుర్తుంటాయి. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో ఇప్పటికీ నన్నే అడుగుతారు. కానీ మా నాయన జబ్బు గురించి చెప్పడానికి తేదీలు అక్కర్లేదు. వాసనలు చాలు. మేము ఆడవాళ్ళనూ పిల్లల్నీ మాత్రమే చూసే మిషన్ ఆస్పత్రి వెనక వీధిలో పెంకుటింట్లో ఉండేవాళ్ళం. పొద్దున లేవగానే గాలి ఎటు నుంచి వీస్తే ఆ వాసన వచ్చేది. ఒక వైపు నుంచి ఫినాయిలు, ఇంకో వైపు నుంచి టమోటా మండీ. మా నాయన దానియేలు అయ్యవారు బడిలో లెక్కలు చెప్పేవాడు. అందరికంటే ముందు లేచి కట్టెల పొయ్యి ముట్టించి నీళ్ళు కాచేవాడు. కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటూ ఒక కీర్తన పాడేవాడు. ఎప్పుడూ ఒకే కీర్తన. గడ్డం, కీర్తన ఒకేసారి పూర్తయ్యేవి. తర్వాత బెల్లం కాఫీ. మధ్యాహ్నం రాగిసంకటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. సంకటి ముద్దను వేలితో సమంగా గీతలు గీసి, ఆ గీతల ప్రకారమే తినేవాడు. మా అవ్వ, అంటే ఆయన తల్లి, చూసి "అన్నం తింటాండావా, భాగాలు పంచుతాండావా నాయనా" అని నవ్వేది. సాయంత్రం పిల్లల నోటుపుస్తకాలు దిద్దేవాడు. జవాబు సరిగ్గా ఉన్నా మధ్యలో మెట్టు తప్పితే మార్కు కోసేవాడు. నేను ఆయన కూతుర్ని అయినందుకు ఇంకొంచెం ఎక్కువ కోసేవాడు.

ఆయన జీవితంలో కల్లు ముట్టలేదు, సారా ముట్టలేదు. దగ్గు మందు సీసా మూత తీసి, వాసన చూసి, ఘాటుగా అనిపిస్తే పక్కన పెట్టేసే మనిషి. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు దొడ్డివైపు పోవడం మొదలుపెట్టగానే కండువా దులుపుకుని ఇంటికి వచ్చేసేవాడు. ఇది నేను కూతురిగా చెబుతున్న మాట కాదు. ఆ వీధిలో ఆయనకు చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ మరిచిపోయారు. నా కోపం అక్కడ మొదలవుతుంది.

మొదట కాళ్ళు వాచాయి. తర్వాత పొట్ట ఉబ్బింది. ఒకరోజు బడిలో నల్లబల్ల ముందు నిలబడి చిన్న గుణకారం పూర్తి చేయలేకపోయాడట. సుద్దముక్క పట్టుకుని తూలాడట, పిల్లల పేర్లు కలిపేశాడట. ఆ సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది: దానియేలు అయ్యవారు తాగి బడికొచ్చాడు. కాలేయం గట్టిపడి పని మానేస్తే ఒంట్లో విషం బయటికి పోక మెదడుకు ఎక్కుతుందనీ, మలబద్ధకం ఉంటే ఇంకా ఎక్కువవుతుందనీ, అప్పుడు మనిషి తాగినవాడిలాగే తూలుతాడనీ, మాట తడబడుతుందనీ ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలియదంటే ఒప్పుకుంటాను. తెలియనప్పుడు తెలియదనాలి కదా! తెలియదనే మాట తప్ప అన్ని మాటలూ అన్నారు.

ఇంట్లో పథ్యం మొదలైంది. అప్పటి పసరు మనిషి మా అమ్మకు చెప్పినదీ, ఇప్పటి ఆయన కరుణకు చెప్పినదీ ఒకటే జాబితా. పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం వద్దు. ఆయన చేతుల కండ మా కళ్ళముందే కరిగిపోయింది. కండ పోయిన కొద్దీ నీరసం, నీరసం పెరిగిన కొద్దీ పథ్యం ఇంకా గట్టిగా. ఆ జాబితాలో ఒక్క ఉప్పు మానడమే అనుకోకుండా సరైన పని. దాన్నీ మా అవ్వ సాగనివ్వలేదు. కొడుకు చప్పిడి కూడు తినలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే చూడలేక, అన్నం కింద నిమ్మకాయ ఊరగాయ దాచి పెట్టేది. ఉప్పు నీళ్ళను పట్టి ఉంచుతుంది. ఆయన పొట్టలోకి అంత ప్రేమగా నీళ్ళు చేర్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. అవ్వ మీద నాకు కోపం రాదు. ఆమె ఎవరి మీదా తీర్పు చెప్పలేదు.

తీర్పు చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు. మా చర్చి సంఘపెద్దలు ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చేవాళ్ళు. మంచం చుట్టూ నిలబడి ఆయన తల మీద చేతులుంచేవాళ్ళు. అందరూ కళ్ళు మూసుకోవాలి. నేను తెరిచాను. ఒకాయన ప్రార్థన ఆపకుండానే వంగి, మా నాయన నోటి దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చాడు. లేచి పక్కాయన వైపు చూసి తల ఊపాడు. ఆ జబ్బు ముదిరినవాళ్ళ నోటికి ఒక తియ్యని కుళ్ళు వాసన వస్తుంది. వాళ్ళు దాన్ని సారా వాసన అనుకున్నారు. ఒక మనిషి చచ్చిపోతున్న వాసనను పట్టుకుని, ఆయన పాపాన్ని పట్టుకున్నామనుకున్నారు. కళ్ళు మూసుకుని "ప్రభువా" అంటూ ముక్కుతో గూఢచారి పని చేసిన ఆ మనిషిని నేను ఇంతవరకు క్షమించలేదు. ఇంక క్షమించే ఉద్దేశం కూడా లేదు.

దాచిన పాపం ఉండగా ప్రార్థన ఫలించదన్నారు. ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలన్నారు. మాలో అది ఆచారం. తప్పు ఒప్పుకుని, దేవుడు క్షమించాడని పదిమందిలో చెబితే, ఆ పదిమందీ ఆ మనిషిని తిరిగి దగ్గరికి తీసుకుంటారు. మా అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని రోజూ ఏడ్చేది. సుందరం అప్పుడు ఆమె ఒళ్ళో పిల్లవాడు. చివరికి ఒక ఆదివారం ఇద్దరు మనుషులు చెరో చేయీ పట్టుకుంటే మా నాయన గుడిలో నిలబడ్డాడు. "నేను దొంగతనంగా తాగేవాణ్ణి. దేవుడు నన్ను క్షమించినాడు" అన్నాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మ ముఖం చాలా నాళ్ళ తర్వాత తేటపడింది.

ఇంటికొచ్చాక నేను ఆయన మంచం పక్కన నిలబడి అడిగాను. "నాయనా, నువ్వు నిజంగా తాగినావా?"

"లేదు పాపా."

"మరి యాల చెప్పినావు?"

 "మీ అమ్మకు తోడుగా నలుగురు రావాలంటే నేనేదో ఒకటి ఒప్పుకోవాల. ఒప్పుకోడానికి నా కాడ ఇంకేం లేకపాయె."

మధ్య మెట్టు తప్పితే మార్కు కోసే మనిషి, తప్పని తెలిసి తప్పు జవాబు రాశాడు. ఆ జవాబునే అందరూ సరైనదిగా తీసుకున్నారు. బజారులో ప్రైవేటుగా చూసే డాక్టరు దాకా ఆ సాక్ష్యం చేరింది. "మానేశావు కదా, ఇంక విశ్రాంతి తీసుకో" అని పంపేశాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు వచ్చాయా అని అడగలేదు. మా వీధిలో జ్వరమొచ్చిన ప్రతివాడికీ ఒకే గాజు సిరంజితో, ఒకే సూదితో ఇంజెక్షన్లు వేసుకుంటూ పోయే కాంపౌండరు గురించి అడగలేదు. ఆ రోజుల్లో కామెర్ల వైరసుకు రక్తపరీక్ష మా ఊళ్ళో లేకపోయి ఉండవచ్చు. అడగడానికి నోరు అయితే ఉండేది. కొద్ది రోజులకే మా నాయన రక్తం కక్కుకుని పోయాడు. సారా పేగుల్ని కాల్చేసిందన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి గుడిలో చెప్పే ప్రసంగాల్లో ఆయన ఉదాహరణ అయ్యాడు. తాగుడుకు బానిసై, చివరి ఘడియలో మారిన అయ్యవారు! నేను వింటూ కూర్చున్నాను. పెద్దదాన్నయ్యాక లేచి బయటికి వచ్చేసేదాన్ని.

కుప్పంలో మరుసటి రోజు పొద్దున్నే ఆటో పిలిచి సుందరాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వయసులో చిన్న అమ్మాయి. వాడు కూర్చోకముందే మొదలుపెట్టాడు. "మేడమ్, నేను రైల్వేలో ఉన్నప్పుడు ఫంక్షన్లలో ఒకటి రెండు తడవలు బీరు..."

"అది తర్వాత రాసుకుంటాను సార్. మీ ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు గానీ, పొట్టలో నీరు గానీ వచ్చిందా?"

 ఆ ప్రశ్న కోసం మా ఇల్లు ఎంతకాలం ఎదురుచూసింది! "మా నాయనకు" అన్నాను.

రక్తం తీశారు, స్కానింగు తీశారు. హెపటైటిస్ బి, ఒకరి రక్తం అంటిన సూదితో ఇంకొకరికి పాకే వైరసు. చిన్నప్పుడే ఒంట్లో చేరి, చప్పుడు చేయకుండా ఇన్నేళ్ళూ కాలేయాన్ని కొరుక్కుతిని, సిర్రోసిస్ దాకా తెచ్చింది. మా నాయనకూ ఇదేనని నేను రుజువు చేయలేను. ఆయన రక్తం ఎవరూ చూడలేదు. రుజువు లేనిదాన్ని ఉందని నేను రాయను. కానీ రుజువు లేకుండానే ఆయన్ను తాగుబోతును చేసినవాళ్ళు ఆ పాటి నిజాయితీ చూపలేదు. నాకూ పరీక్ష చేశారు. నాకు లేదు.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మచ్చలు పడి గట్టిపడిన కాలేయం మళ్ళీ కొత్తదవదు, కానీ మిగిలిన భాగాన్ని కాపాడుకోవచ్చు. వైరసుకు మాత్ర రోజూ వేసుకోవాలి, తనంతట తాను ఆపకూడదు. నీరు తగ్గడానికి వేరే మాత్రలు. విరేచనం సాఫీగా అయ్యేలా సిరప్పు. అది ఆగితే మతి తప్పుతుంది. గొట్టం వేసి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చూడాలి, అవి చిట్లితేనే రక్తం కక్కుకుంటారు. కొంతకాలానికోసారి మళ్ళీ స్కానింగు, కాలేయంలో గడ్డలేమైనా వస్తున్నాయేమో చూడటానికి. మోకాళ్ళ నొప్పని మెడికల్ షాపులో ఏదంటే అది కొనుక్కోకూడదు. పసరు అసలే వద్దు. చుక్క మందు కూడా తాగకూడదు. భార్యకూ పిల్లలకూ రక్తపరీక్ష చేయించి, లేనివాళ్ళకు టీకా వేయించాలి. చివర్లో కరుణ వైపు తిరిగి చెప్పింది. "ఆయనకు తిండి పెట్టండమ్మా. గుడ్డు, పప్పు, పెరుగు, గుగ్గిళ్ళు. పడుకునే ముందు కూడా ఏదైనా తినాలి. ఆయన కాలేయానికి రాత్రంతా ఖాళీ కడుపు అంటే పెద్ద ఉపవాసం."

బయటికొచ్చాక కరుణ గొణిగింది. "గుడ్డు పెడితే పసిరికలు తిరగబెడతాయి వదినా. రేపేమన్నా అయితే అందరూ నన్నంటారు."

"నన్ను అనమను" అన్నాను. పుంగనూరు వెళ్ళి, నెల రోజులకు సరిపడా బట్టలు సర్దుకుని మళ్ళీ వచ్చి అక్కడే ఉండిపోయాను. రోజుకు సరిపడా ఉప్పు పొద్దున్నే చిన్న చెంచాతో, చాకు వీపుతో సమం చేసి, డబ్బాలో పోసేదాన్ని. ఆ డబ్బా అయిపోతే ఆ రోజుకు ఉప్పు అయిపోయినట్టే. పొద్దున్నే బరువు చూసేవాళ్ళం. పొట్ట తగ్గుతూ వచ్చింది. "మా అక్క బడి మళ్ళీ తెరిచిందిరా దేవుడా" అని సుందరం వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అంతలో కరుణ భయపడుతూ చెప్పింది, సంఘపెద్దలు ప్రార్థనకు వస్తున్నారని. సుందరం తాగి చెడగొట్టుకున్నాడని ఊళ్ళో అప్పటికే మాట పాకిందట. సాక్ష్యం చెబితే సంఘమంతా తోడుంటుందని కబురు పంపారట.

"చెప్తే పోలా అక్కా?" అన్నాడు సుందరం. "నాలుగు మాటలు. కరుణకు మనశ్శాంతి. నాయన చెప్పలేదా?"

నేను వాడి మంచం ముందుకు వచ్చి నిలబడ్డాను. "నాయన చెప్పిన ఆ నాలుగు మాటలే నిన్నీడ పండబెట్టినాయి. తాగి సచ్చినాడని తేల్చేసినాక జబ్బు ఏందని ఎవురడుగుతారు? ఎవురన్నా అడిగింటే, పరీక్షలు వచ్చినప్పుడన్నా నీ రక్తం చూసిందురు. నువ్వు గూడా ఆ నాలుగు మాటలు చెప్పు. రేపు నీ కూతురికి కండ్లు పచ్చబడితే ఆయమ్మ గూడా నిలబడి చెప్తాది."

"నాయన... నిజంగా తాగేటోడు కాదా?"

ఎన్నోసార్లు చెప్పాను వాడికి. చెప్పినప్పుడల్లా కూతురివి కదా, అట్లే అంటావని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. "కాదు" అన్నాను. "దగ్గు మందు గూడా వాసన చూసి మూత పెట్టేసేటోడు. నువ్వు తాగిన ఆ బీరు గూడా తాగలేదు. తాగినా సరే, తాగినోడికి మాత్రం కూడు పెట్టొద్దని యాడ రాసుండాది?" వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏమి చేస్తాడో నాకు తెలియలేదు. భార్య మాట మా నాయనా కాదనలేకపోయాడు.

సాయంత్రం పెద్దలు వచ్చారు. ముందు కూర్చున్నాయన పేరు జీవరత్నం, నెరిసిన జుట్టు, నెమ్మది గొంతు. కీర్తన పాడారు, వాక్యం చదివారు. తర్వాత ఆయన ముందుకు వంగాడు. "సుందరం, మనసులో ఉండేదంతా దించేయప్పా. దాచిపెట్టుకుంటే ప్రార్థన పైకి పోదు."

"అన్నా, నాకు తినే టైమైంది" అన్నాడు సుందరం. "మా అక్క గడియారం కంటే స్ట్రిక్టు."

నేను ఉడకబెట్టిన గుడ్లు, పెసర గుగ్గిళ్ళు తెచ్చి పెట్టాను. గదిలో గుసగుసలు లేచాయి. "పసిరికల మనిషికి గుడ్డా!" అంది ఒకామె. వాడు ఏ తొందరా లేకుండా, అందరి ముందూ నమిలి తిన్నాడు. చేయి కడుక్కుని, తుడుచుకుని కూర్చున్నాడు.

"సాక్ష్యమంటే నిజమే చెప్పాల కదన్నా?"

"అవునప్పా."

"అయితే ఇనండి. నా రక్తంలో వైరసు ఉండాది, లివరు చెడిపోయింది. మాత్రలు మింగుతాండాను. మా నాయనకు ఏం జబ్బో ఎవురూ సూడలేదు. ఆయన తాగలేదు. తాగినానని నిలబడి చెప్పినాడు, మీలాంటి పెద్దోళ్ళు అడిగినారని, మాయమ్మ ఏడ్చిందని. నేను చెప్పను. నా బిడ్డలు రక్తపరీక్షకు పోతాండారు. ప్రార్థన చేస్తే దానికి చేయండి."

ఎవరూ "స్తోత్రం" అనలేదు.  కరుణ వెళ్ళి వాడి పక్కన, మంచం మీద కూర్చుంది. జీవరత్నం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. అందులో పాపమనే మాట రాలేదు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఎవరూ వంగి వాసన చూడలేదు.

అందరూ వెళ్ళిపోతుంటే ఆయన వెనకబడ్డాడు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా ముఖం చూడకుండా అడిగాడు. "టీచరమ్మా, ఆ పరీక్ష యాడ చేస్తారు?"

"ఎవరికి?"

"మా పెద్దోడికి. కండ్లు పచ్చగా ఉండాయి, కాళ్ళు వాచినాయి. తాగుతాండాడని వాణ్ణి ఇంట్లోకి రానీడం లేదు. వాడు తాగలేదంటాడు." రెండో చెప్పు తొడుక్కున్నాడు. "వరండాలో పండుకుంటాండాడు."

అలాంటి మనిషికి చెప్పాలని నా దగ్గర ఒక జీవితానికి సరిపడా మాటలు పేరుకుని ఉన్నాయి. నాలిక చివరిదాకా వచ్చాయి. ఆస్పత్రి ఎక్కడో, ఏ గది ముందు నిలబడాలో, ఏ పరీక్ష అడగాలో చెప్పాను. గొంతులో కోపం తగ్గించుకోలేదు.

"పరగడుపున పోవాల్నామ్మా?"

"అక్కర్లేదు" అన్నాను. "వాణ్ణి ఇంట్లోకి పిలిచి, అన్నం పెట్టి, తీసుకోని పో."